ముగ్గురాయితో మొదలైన వెలుగు

ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో తవ్వే ముగ్గురాయి ఎక్కువగా చమురు బావుల పనికి పోతుంది. అదే ఖనిజం నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలో ఒక వింతను పుట్టించింది. 1602-03 ప్రాంతంలో బొలోన్యా నగరంలో చెప్పులు కుట్టుకు బతికే విన్చెంజో కాషారోలో, రసవాదం మోజులో పదెర్నో కొండ మీది బరువైన రాళ్లను బొగ్గుతో కలిపి కాల్చాడు. బంగారం రాలేదు. కానీ ఎండలో పెట్టి చీకటిగదిలోకి తెస్తే ఆ రాయి నిప్పుకణికలా వెలిగింది. బొగ్గు ఆక్సిజన్‌ను లాగేసుకోవడంతో ముగ్గురాయిలోని బేరియం సల్ఫేట్ కాస్తా బేరియం సల్ఫైడ్ అయింది. అయితే దాన్ని వెలిగించింది అందులో లేశమాత్రంగా ఉన్న రాగి. ఆ సంగతి 2012లో గానీ తేలలేదు.

నెలవంక చీకటి భాగంలో కనిపించే మసక వెలుగు కూడా ఇలాంటిదేనని 1640లో ఫోర్తూనియో లిచేతి అనే పండితుడు వాదించాడు. గెలీలియో ఒప్పుకోలేదు. అది భూమి మీద పడి తిరిగి చంద్రుణ్ణి చేరిన ఎండ అన్నాడు. ఆయన మాటే నిజమైంది.

తర్వాత ఆ రాయిలాగే వెలిగే జింక్ సల్ఫైడ్ వచ్చింది. దాని వెలుగు త్వరగా తగ్గిపోయేది. అందుకని గడియారాల ముళ్లకు దానిలో రేడియం కలిపి పూశారు. ఆ రంగు వెలుగును దాచుకునేది కాదు, రేడియోధార్మికతతో ఎడతెగకుండా వెలిగేది. అమెరికాలోని న్యూజెర్సీలో ఆ పని చేసిన అమ్మాయిలు కుంచె మొన సన్నబడటానికి పెదాల మధ్య పెట్టుకునేవారు. దవడ ఎముకలు కుళ్లి ఎందరో చనిపోయారు. వెలుగు కోసం అంత మూల్యం చెల్లించి ఉండాల్సింది కాదు.

రేడియోధార్మికత లేని రంగు కోసం జపాన్‌లో నెమోతో కంపెనీ వెతికింది. 1990ల మొదట్లో అక్కడ తయారైన స్ట్రాన్షియం అల్యూమినేట్ పొడి, జింక్ సల్ఫైడ్ కన్నా సుమారు పది రెట్లు కాంతివంతంగా, పది రెట్లు ఎక్కువసేపు వెలిగింది. అందులో కొద్దిగా యూరోపియం, కొద్దిగా డిస్ప్రోసియం కలుపుతారు.

నీలి కాంతి తగిలితే యూరోపియంలోని ఎలక్ట్రాన్ పైస్థాయికి ఎగురుతుంది. మామూలుగా అయితే రెప్పపాటు కూడా పట్టకుండా దిగివస్తుంది. ఇక్కడ మాత్రం కొన్ని ఎలక్ట్రాన్లు స్ఫటికంలోని లోపాల దగ్గర చిక్కుబడతాయి. ఆ చోట్లకు ఉచ్చులని పేరు. డిస్ప్రోసియం పని ఆ ఉచ్చుల్ని సరైన లోతులో, ఎక్కువ సంఖ్యలో ఏర్పరచడం. లోతు తక్కువైతే వెలుగు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఎక్కువైతే ఎలక్ట్రాన్ బయటికే రాదు. తగినంత ఉంటే, గదిలోని వేడికి పరమాణువులు కంపించి ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా బయటికి తోస్తాయి. అవి తిరిగి యూరోపియంను చేరినప్పుడు ఆకుపచ్చ కాంతి వస్తుంది. శుద్ధమైన స్ఫటికమే గొప్పదని మనకో నమ్మకం. ఇక్కడ పని చేసేది లోపమే. ఈ కథలో నన్ను బాగా పట్టుకున్నది అదే.

ఇంట్లోనే చూడవచ్చు. గోడకు అంటించే నక్షత్రాలు రెండు తీసుకుని ఒకే దీపం కింద కాసేపు పెట్టండి. ఒకటి ఫ్రీజర్లో, ఒకటి అరచేతిలో ఉంచండి. చేతిలోది ముందు ప్రకాశించి తొందరగా మందగిస్తుంది. ఫ్రీజర్లోది మసగ్గానే ఉంటుంది. బయటికి తీసి వెచ్చబడనివ్వండి, దాచుకున్నది అప్పుడు విడుదల చేస్తుంది. ఎర్ర బల్బు కింద పెడితే మాత్రం ఏదీ నిండదు. ఉచ్చు దాకా ఎలక్ట్రాన్‌ను పంపడానికి ఎర్ర కాంతికి శక్తి చాలదు.

న్యూయార్క్‌లో 2004 నాటి చట్టం ఎత్తైన ఆఫీసు భవనాల మెట్లకు ఇలా చీకట్లో వెలిగే గుర్తుల్ని తప్పనిసరి చేసింది. 1993 బాంబు దాడి తర్వాత వరల్డ్ ట్రేడ్ సెంటర్ మెట్ల మీద వేసిన ఇలాంటి రంగు 2001 దాడి రోజున జనం దిగడానికి ఉపయోగపడింది. ఆ మెట్లకు ఆకుపచ్చే నప్పుతుంది. ఈ పొడి 520 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది, చీకటికి అలవాటుపడ్డ కంటికి బాగా ఆనేది 507 దరిదాపుల్లోని కాంతి. ఎరుపులో ఇంతసేపు, ఇంత బలంగా వెలిగే పొడిని ఇంకా ఎవరూ చేయలేకపోయారు.