ఇంటి గాలి - దాని కొలత

మనము త్రాగునీటిని వడకట్టుకొందుము; ఆహారముపై మూత పెట్టుదుము. కాని రేయింబవళ్ళు పీల్చుచున్న ఇంటి గాలిని మాత్రము పరీక్షింపము. దుర్వాసన లేనిచో గాలి మంచిదేయని తలచుట పొరపాటు. ముక్కు ఏ వాసనకైనను కొద్ది నిమిషములలోనే అలవాటు పడును. కావున కొలత అవసరము.

ఈ కొలతకు మార్గము చూపినవాడు జర్మనీలోని మ్యూనిక్ నగర శాస్త్రజ్ఞుడు మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్. మనము విడుచు శ్వాసలో కార్బన్ డయాక్సైడు అధికముగా ఉండును. గదిలో అది పెరిగినచో, ఒకరు విడిచిన గాలినే మరియొకరు పీల్చుచున్నారని అర్థము. పది లక్షల పాళ్ళ గాలిలో అది 1,000 పాళ్ళు మించరాదని ఆయన 1858లో ప్రతిపాదించెను. నేడు ఆరుబయట గాలిలోనే 420 పాళ్ళకు పైగా కలదు.

పది అడుగుల ఎత్తు, పండ్రెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గదిలో మువ్వురు తలుపులు బిగించి నిద్రించిరనుకొందము. గాలి ఏమాత్రము మారనిచో, సుమారు అరగంటలోనే ఆ హద్దు దాటును. పంకా ఉన్నది కదా యనవచ్చును. పంకా ఉన్న గాలినే త్రిప్పును. క్రొత్త గాలిని తేదు. సాధారణ ఏసీ యంత్రమును అంతియే.

పరారుణ కిరణములతో ఈ వాయువును కొలుచు చిన్న యంత్రములు నేడు లభించుచున్నవి. అందరును గదినుండి వెలుపలికి వచ్చిన పిదప, బయటి గాలికంటె గదిలో ఎక్కువగా నున్న భాగము ఎంతసేపటికి సగమగునో గమనింపవలెను. గంట పట్టినచో గదిగాలి గంటకు సుమారు 0.7 పర్యాయములు మారుచున్నది. ఇరువది నిమిషములే పట్టినచో రెండు పర్యాయములు.

అయితే ఈ యంత్రము పొగను చూపదు. ఒక దోమలచుట్ట నుండి వెలువడు సూక్ష్మధూళి 75 మొదలు 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. మూసిన గదిలోని బొగ్గుల కుంపటి మరింత ప్రమాదకరము. దానినుండి పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు, వాసన లేవు. నిద్రలోనే ప్రాణము తీయగలదు.

మన పెద్దల ఇండ్లలో నడుమ సహన్, గోడపైభాగమున రోషన్‌దాన్ ఉండెడివి. పరదా కొరకు కిటికీ మూసినను, వేడిగాలి పైనుండి వెడలిపోయెడిది. నేటి ఇరుకు ఇండ్లలో కిటికీ మూసితిమి, రోషన్‌దాన్‌ను మరచితిమి. దాని మూల్యము చెల్లించువారు ఇంటిలో అధికకాలము గడుపు తల్లులు, పసిబిడ్డలు. మరుగునకు గాలిని బలి యీయనక్కరలేదు.

కళాశాల కమిటీ పెద్దలు ఒక్క యంత్రము సమకూర్చినచో, విద్యార్థులు ముందు మన తరగతి గదులను, పిదప తమ ఇండ్లను కొలువగలరు. కొలిచి చూచినవాడు కిటికీ తెరువక మానడు.