హాల్టీరు

హాల్టీర్లు ఈగలు, దోమలు మొదలైన డిప్టెరా క్రమపు కీటకాలలో ఉండే ఒక జత జ్ఞానేంద్రియాలు. ఎగిరేటప్పుడు శరీరం ఎటు తిరుగుతున్నదో ఇవి గుర్తిస్తాయి. ప్రాచీన గ్రీసులో దూరం దుమికేవారు చేతులతో పట్టుకొనే బరువులను హాల్టీర్లు అనేవారు. ఆ పేరే వీటికి వచ్చింది.

నిర్మాణం

ఎగిరే కీటకాలలో ఎక్కువ వాటికి రెండు జతల రెక్కలు ఉంటాయి. డిప్టెరా కీటకాలలో ముందు జత మాత్రమే రెక్కలుగా మిగిలి, వెనుక జత హాల్టీర్లుగా మారింది. ప్రతి హాల్టీరులో సన్నని కాడ, దాని కొసన చిన్న ఉండ ఉంటాయి. కాడ మొదట్లో ఒత్తిడిని గ్రహించే సూక్ష్మమైన జ్ఞానాంగాలు వరుసలుగా అమరి ఉంటాయి.

పనిచేసే విధానం

ఎగిరేటప్పుడు హాల్టీర్లు రెక్కలతో సమానమైన వేగంతో పైకి, కిందికి కొట్టుకుంటాయి. ఇంటి ఈగలో ఇది సెకనుకు సుమారు 200 సార్లు. ఊగే వస్తువు తన ఊగే తలాన్ని మార్చుకోవడానికి ఇష్టపడదు. అందువలన ఈగ పక్కకు తిరిగినప్పుడు కోరియాలిస్ బలం వలన కాడ స్వల్పంగా వంగుతుంది. మొదట్లోని జ్ఞానాంగాలు ఈ వంపును గ్రహించి, రెక్కల దిశను మార్చే కండరాలకు నాడుల ద్వారా సంకేతం పంపుతాయి. కళ్ళు కూడా ఈ పని చేస్తాయి గాని, వేగంగా జరిగే మలుపులను హాల్టీర్లు ముందుగా పసిగడతాయి. చేతికి చిక్కకుండా ఈగ తటాలున మలుపు తిరిగి కూడా అదుపు తప్పకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

పరిశోధన

హాల్టీర్లను తొలగిస్తే ఈగ సరిగా ఎగరలేదని విలియం డెర్హమ్ 1714లో తెలిపాడు. దీని కారణాన్ని 1948లో జె.డబ్ల్యు.ఎస్. ప్రింగిల్ వివరించాడు.

ఇతర కీటకాలలో

హాల్టీర్లు లేని కీటకాలు ఇతర అవయవాలపై ఆధారపడతాయి. ఒక జాతి చిమ్మటలో స్పర్శశృంగాల పొడవైన భాగాన్ని తీసివేస్తే ఎగరడం అదుపు తప్పిందని, తిరిగి అతికిస్తే చక్కబడిందని సంజయ్ సానే, అతని సహచరులు 2007లో ప్రకటించారు. తూనీగలకు పెద్ద సంయుక్త నేత్రాలు, మూడు సరళ నేత్రాలు తోడ్పడతాయి.

ప్రాముఖ్యత

మలేరియా, డెంగూ వ్యాపింపజేసే దోమలు ఈ క్రమానికి చెందినవే. తెలంగాణ వరి రైతులకు బాగా తెలిసిన ఉల్లికోడు కూడా దోమను పోలిన డిప్టెరా కీటకమే. ఇది సోకిన పిలక ఉల్లికాడలా గొట్టమై వెన్ను వేయదు. రాత్రివేళ మడిలోని లేత పిలకలను వెదుక్కుంటూ ఎగిరే ఈ కీటకాన్ని గాలిలో నిలబెట్టేవి కూడా ఈ చిన్న ఉండలే.