నూనె నడుమ కందెన కరవు

పోర్షె స్పోర్ట్సు కారునకు ఇంజనునూనె మార్చునప్పుడు, చేయితిరిగిన మెకానిక్కు పాత ఫిల్టరును ఊరక పారవేయడు. దాని కాగితపు మడతలను పదునైన కత్తితో మొదలంట కోసి, తెల్లని గుడ్డపై పరచి, వెలుతురునకు అటునిటు వంచి చూచును. గోధుమవన్నె ప్లాస్టిక్కు తునుకలు కనబడిన, అవి గొలుసును దారిలో నిలుపు పట్టీల అరుగుదలయని యెరిగి యంతగా కలతపడడు. రేణువులు తళుక్కుమన్నచో మాత్రము అయస్కాంతమును తీయును. అతుకుకొననిది అల్యూమినియము కావచ్చును, అతుకుకొన్నది ఉక్కు. ఉక్కుపొడితో నల్లని రబ్బరు పీలికయు నొకటి చిక్కినచో, కారు యజమానిని పిలిచి కూర్చుండబెట్టి చెప్పవలసినదే.

ఆ పీలిక యెక్కడిదో తెలియుటకు పోర్షె కర్మాగారమున్న స్టుట్‌గార్టు నగరపు జుఫెన్‌హౌసెను పేటకు పోవలెను. 1963లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనలో 901 అను పేర వెలువడి, ప్యూజో సంస్థ అభ్యంతరముచే 911గా మారిన కారు, మూడు దశాబ్దములకు పైగా గాలిచే చల్లబడు ఆరు సిలిండర్ల ఇంజనుతోనే నడచెను. దాని రూపకర్తలలో ముఖ్యుడు హాన్స్ మెట్స్‌గర్. అయితే పొగకును చప్పుడునకును కట్టుబాట్లు బిగిసి, కంపెనీ ఖజానాయు అడుగంటిన 1990ల తొలినాళ్లలో, వెండెలిన్ వీడెకింగ్ నాయకత్వమున జపాను నిపుణులను రప్పించి ఖర్చు తగ్గించు విద్య నేర్చుకొనుచు, రెండు కార్లకు నొకే వంశపు ఇంజను చాలునని నిశ్చయించిరి. అట్లు పుట్టిన నీటిచల్లని ఎం96 ఇంజను, 1996లో బాక్స్‌టరునందు 2.5 లీటర్లతో 204 అశ్వశక్తిని, మరుసటి యేట కొత్త 911నందు 3.4 లీటర్లతో 300 అశ్వశక్తిని ఇచ్చెను.

ఈ ఇంజనులో క్రాంకుషాఫ్టు క్రింద నొక నడిమి ఇరుసు కలదు. క్రాంకుషాఫ్టు తిరుగుడును గొలుసులద్వారా క్యాంషాఫ్టులకు అందించుట దాని పని. వెనుకటి ఇంజనులో ఆ ఇరుసు ఒత్తిడితో వచ్చు నూనెపొరపై సాదా బేరింగులలో తిరిగెడిది. ఇందులో నొక కొనకు బాల్‌బేరింగు పెట్టిరి. 2000 ప్రాంతమునుండి ఈ ఇంజనులో వాడిన బేరింగు అడ్డముగ కొలచిన 5 సెంటీమీటర్లైన నుండదు. దానిలో గ్రీజు నింపి, ఇరువైపుల రబ్బరు మూతలు బిగించిరి.

మన పల్లెలలో బండివాడు ఆముదములో మసి కలిపిన కందెనను గొట్టములో పోసి బండికే వ్రేలాడదీయుట యెందుకన, ఇరుసునకు పెట్టినది నిలువదని వానికి తెలియును గనుక. ఈ బేరింగులో మాత్రము ఒకసారి పెట్టిన గ్రీజే బ్రతుకంతయు చాలునని తలచిరి. వేడిచే రబ్బరు గట్టిపడి అంచు వదులైన పిదప, సన్నగా లోనికి జారిన ఇంజనునూనె గ్రీజును కడిగివేసెను. తాను మాత్రము చాలినంతగా రాక, వచ్చినది మారక, లోననే నిలిచిపోయెను. లీటర్లకొలది నూనె చుట్టును చిమ్ముచుండగా గుండ్లు కందెన లేక పొరలెత్తి రాలెను. ఇరుసు ఊగెనా, గొలుసు పండ్లు తప్పును. తెరచియున్న వాల్వులను పిస్టన్లు మోదును. కొత్త ఇంజను ఖర్చు మీదపడును. అన్ని ఇంజన్లును చెడలేదు, చెడనివే మిక్కిలి. కాని చెడినవాని యజమానులు అమెరికాలో న్యాయస్థానము మెట్లెక్కునంతటి రగడ జరిగెను. అదే కాలపు 911 టర్బో, జిటి3 కార్లు మెట్స్‌గర్ పాత అమరికనే నిలుపుకొని ఈ గొడవకు దూరముగ నుండుట ఖర్చు తగ్గించినవారికి కొంత చేదుగానే తోచియుండును.

2006 నాటి కార్లకు బేరింగు పెద్దదాయెను. 2008లో వచ్చిన కొత్త ఇంజనులో నడిమి ఇరుసే లేదు. పెద్ద బేరింగు ఇంజనును నడుమ విప్పనిదే వెలికి రాదు. కావున క్లచ్చి మార్చుటకు గేరుపెట్టె దింపినప్పుడు, పలువురు మెకానిక్కులు మోకాళ్లపై వంగి, సన్నని మొనతో ఆ రబ్బరు మూతను పెకలించి, చమురు తడిసిన గుడ్డపై పడవేసి, బేరింగును ఇంజనునూనెకు విడిచిపెట్టుదురు.