ఫ్రోజెన్ ఫోర్

అమెరికా కాలేజీ ఐస్ హాకీ జాతీయ టోర్నీలో సెమీఫైనల్స్, ఫైనల్ కలిసిన ఆఖరి ఘట్టమే ‘ఫ్రోజెన్ ఫోర్’. బరిలో మిగిలేవి నాలుగే జట్లు. కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ మహిళల టోర్నీని 2001లో మొదలుపెట్టింది. తొలి మూడేళ్లూ మిన్నెసోటా డులూత్‌దే కిరీటం. 2022 నుంచి 11 జట్లు పోటీపడుతున్నాయి. ఒక్క మ్యాచ్ ఓడినా ఇంటిదారే. అందుకే సెమీస్‌కు ముందు ప్రత్యర్థి ఆట వీడియోలను జల్లెడ పడతారు. పెనాల్టీతో ఒకరు తగ్గినప్పుడు గోల్ కాచుకోవడం, ఎదుటి జట్టులో ఒకరు తగ్గినప్పుడు గోల్ కొట్టడం ప్రత్యేకంగా సాధన చేస్తారు. 2025 ఫైనల్లో విస్కాన్సిన్ అమ్మాయిలు అదనపు సమయంలో 4-3తో ఒహాయో స్టేట్‌ను ఓడించి ఎనిమిదో టైటిల్ అందుకున్నారు. అమెరికా మహిళల ఒలింపిక్ జట్టులో ఎందరో ఈ కాలేజీ మంచుమైదానాల్లో ఆడినవారే.