‘సహోదరుడు’ అనే మాట వెనుక

సహోదరుడంటే ఒకే ఉదరం నుండి పుట్టినవాడని అర్థం. అయితే మన ఇళ్లలో చాచా కొడుకూ, ఖాలా కొడుకూ కూడా ‘భాయి’యే. తెలుగులో పెదనాన్న కొడుకు అన్నయ్యే అవుతాడు. వారసత్వపు పంపకాల వేళ గానీ ఆ తేడా గుర్తుకు రాదు. ఇదే తేడా క్రైస్తవ లోకంలో పదహారు శతాబ్దాలకు పైగా వివాదంగా నిలిచి ఉంది.

మార్కు సువార్త 6వ అధ్యాయంలో ఈసా (అలైహిస్సలాం) స్వగ్రామస్థులు యాకోబు, యోసే, యూదా, సీమోను అనే నలుగురిని ఆయన సోదరులుగా పేర్కొంటారు. సోదరీమణులు కూడా ఉన్నారంటారు. వీరెవరు? ఆయన తరువాత మర్యమ్, యోసేపులకు కలిగిన సంతానమేనని రోమ్‌లో హెల్విడియస్ అనే వ్యక్తి వాదించాడు. జెరోమ్ పండితుడు సుమారు 383లో అతనికి ఘాటుగా జవాబు రాస్తూ, వారు మర్యమ్ సోదరి బిడ్డలన్నాడు. యోసేపు మొదటి భార్య పిల్లలని సైప్రస్‌కు చెందిన బిషప్ ఎపిఫానియస్ మూడో మాట చెప్పాడు. నేటికీ కాథలిక్కులు జెరోమ్‌ను, తూర్పు ఆర్థడాక్స్ వారు ఎపిఫానియస్‌ను, ప్రొటెస్టెంట్లలో అనేకులు హెల్విడియస్‌ను సమర్థిస్తారు. విచిత్రమేమంటే, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ ఈ విషయంలో కాథలిక్కుల పక్షమే. మర్యమ్ జీవితాంతం కన్యగానే ఉన్నారని ఆయన విశ్వసించాడు.

ఆదికాండంలో ఇబ్రాహీమ్ (అ) తన అన్న కుమారుడైన లూత్ (అ)తో తామిరువురూ సోదరులమని అంటారు. కనుక ఆ మాట విశాలమైనదని ఒక పక్షం వాదన. అది హీబ్రూ పద్ధతి; సువార్తలు గ్రీకులో ఉన్నాయి, పినతండ్రి, మేనమామల బిడ్డలను సూచించే పదం గ్రీకులో వేరుగా ఉంది, కొలొస్సయులకు రాసిన లేఖలో దానిని వాడారు కూడా అని రెండో పక్షం జవాబు. గ్రీకులో సోదరుణ్ణి తెలిపే ‘అడెల్ఫోస్’కు కూడా మూలార్థం ఒకే గర్భమే! అయినా వివాదం తేలలేదు. తెలుగు బైబిలు ‘సహోదరుడు’ అనే రాసింది. మన ఊళ్లలోని చర్చిలలో సాటి విశ్వాసులంతా ఒకరికొకరు సహోదరులే కదా.

ఈ వివాదాన్ని చూపి క్రైస్తవ మిత్రులను ఇరుకున పెట్టడం కొందరికి సరదా. మాకది సమ్మతం కాదు. హజ్రత్ మర్యమ్ (అ) శీలాన్ని దివ్య ఖుర్ఆన్ ఎంతగానో కొనియాడింది. ఈసా (అ) తరువాత ఆమెకు సంతానం కలిగిందా అన్న విషయాన్ని మాత్రం ప్రస్తావించలేదు. ఖుర్ఆన్ మౌనం వహించిన చోట మన నోరు ఎందుకు లేవాలి?

పైగా ఇలాంటి ప్రశ్నే మనకూ ఎదురవుతుంది. మర్యమ్ సూరాలో ఆమెను జాతివారు ‘హారూన్ సోదరీ!’ అని పిలిచారు. హారూన్ (అ) ఆమెకు వెయ్యేళ్లకు పైగా పూర్వులు కదా అని అడుగుతారు. లూకా సువార్త జకరియ్యా (అ) భార్యను కూడా హారూన్ కుమార్తెలలో ఒకరిగానే చెబుతుంది. అక్కడ కుమార్తె అంటే వంశీకురాలని క్రైస్తవులంతా ఒప్పుకుంటారు. ఖుర్ఆన్ కూడా హూద్ (అ)ను ఆద్ జాతి సోదరుడంటుంది.

నజ్రాన్ క్రైస్తవులు ఈ ప్రశ్ననే హజ్రత్ ముగీరా బిన్ షూబా (రజి)ని అడిగారు. ఆయన తిరిగివచ్చి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధిలో ఆ సంగతి విన్నవించారు. ఆ కాలపు జనులు తమకు పూర్వం గతించిన ప్రవక్తల, పుణ్యపురుషుల పేర్లను పిల్లలకు పెట్టుకునేవారని ఆయన వివరించారు. సహీహ్ ముస్లింలో ఈ ఉల్లేఖనం ఉంది. మన ఇళ్లలోనూ ఎందరు హారూన్‌లు, ఎందరు మర్యమ్‌లు!