పండుగ పూట తలచుకోవలసినవాళ్ళు

రెండేళ్ళ క్రితం నవంబరులో నేను బోస్టన్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఆ నెల నాలుగో గురువారం అమెరికాలో ‘థాంక్స్‌గివింగ్’. పంట చేతికొచ్చినందుకు, ఇల్లు చల్లగా ఉన్నందుకు కృతజ్ఞత చెప్పుకునే పండుగ. మన సంక్రాంతికిలాగే ఎక్కడెక్కడివాళ్ళూ ఇల్లు చేరతారు. మా అమ్మాయి నాలుగు తెలుగు కుటుంబాలను భోజనానికి పిలిచింది. పిల్లలకు టర్కీ కోడి, పెద్దలకు పులిహోర, గుమ్మడికాయ పులుసు, అక్కడి క్రాన్‌బెర్రీలతో పచ్చడి. తినేముందు ఒక్కొక్కరూ తాము దేనికి కృతజ్ఞులో చెప్పాలి. అది ఆనవాయితీ.

పాతికేళ్ళ క్రితం రెండు పెట్టెలతో ఆ దేశంలో దిగిన మా అల్లుడు, “ఈ నేల మాకు అన్నం పెట్టింది” అంటూనే కళ్ళు తుడుచుకున్నాడు. తరువాతి వంతు పదమూడేళ్ళ మా మనవరాలిది. “ఈ నేల ఎవరిదో వాళ్ళకి మనం ఎప్పుడైనా థాంక్స్ చెప్పామా నాన్నా?” అంది. ఎవరూ మాట్లాడలేదు. అల్లుడి ముఖం చిన్నబోయింది.

ఆ ప్రశ్న ఎక్కడిదో నాకు తెలుసు. అంతకు ముందు వారమే అందరం ప్లిమత్ వెళ్ళి వచ్చాం. 1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ఇంగ్లీషువాళ్ళు వచ్చి స్థిరపడ్డ ఊరు అది. వాళ్ళు రాకముందు అక్కడ పటుక్సెట్ అనే ఊరుండేది. వాంపనోగ్ జాతివారిది. అంతకు కొన్నేళ్ళ ముందే తెల్లవాళ్ళ ఓడలతో వచ్చిన అంటురోగం ఆ ఊరిని తుడిచిపెట్టింది. ఆ ఊరివాడే స్క్వాంటో. 1614లో అతణ్ణి ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మారు. ఎలాగో తిరిగి వచ్చేసరికి అతని ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు. అయినా కొత్తగా వచ్చినవాళ్ళకు మొక్కజొన్న విత్తడం, చేపలను ఎరువుగా వెయ్యడం నేర్పింది అతనే. మొదటి చలికాలానికే వలస వచ్చినవాళ్ళలో సగంమంది పోయారు. మిగిలినవాళ్ళు 1621లో పంట ఇంటికి తెచ్చుకుని మూడు రోజులు విందు చేసుకున్నారు. వాంపనోగ్‌ల పెద్ద మాససోయిట్ తొంభైమందితో వచ్చాడు. విందుకు వాళ్ళు అయిదు జింకలను వేటాడి తెచ్చారు.

సరిగ్గా ఇక్కడితో కథ ఆపేస్తే అందమైన పండుగే. కానీ యాభై అయిదేళ్ళు తిరక్కుండానే ఆ మాససోయిట్ కొడుకు మెటాకామ్ తమ నేలకోసం వలసవాళ్ళతో యుద్ధానికి దిగి, 1676లో చనిపోయాడు. అతని తలను అదే ప్లిమత్‌లో గుంజకు గుచ్చి ఏళ్ళ తరబడి ఉంచారు. భార్యాబిడ్డలను బానిసలుగా అమ్మారు.

1863లో లింకన్ ఈ పండుగను దేశమంతా జరపాలని ప్రకటించాడు. 1970లో, ఓడ వచ్చి 350 ఏళ్ళయిన వేడుకలకు వామ్‌సుటా ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోగ్ పెద్దను ప్రసంగించమని పిలిచారు. రాసుకున్నది చూసి, నిర్వాహకులు అలా చదవనివ్వలేదు. అప్పటినుంచీ ఏటా ఇదే రోజున ప్లిమత్‌లోని కోల్స్ హిల్ మీద ఆదివాసులు సంతాప దినం పాటిస్తున్నారు.

ఆ రాత్రి మనవరాలు నా పక్కన పడుకుని, “అమ్మమ్మా, ఈ పండుగ చేసుకోవడం తప్పా?” అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. మా క్యాంపు గుర్తొచ్చింది.

మాది సింధనూరు తాలూకాలో ఒక ఆంధ్రా క్యాంపు. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయ్యాక కోస్తా జిల్లాల రైతులు ఎందరో అక్కడికి తరలివెళ్ళారు. నన్ను అయిదేళ్ళ పిల్లగా మా నాన్న ఎడ్లబండిలో తీసుకెళ్ళాడు. వానకు జొన్న, పత్తి పండించుకునే అక్కడి రైతులకు మెరక పల్లాలు చదును చేసి కాలువకింద వరి వెయ్యడానికి పెట్టుబడి లేదు. మాకు అమ్మారు. మేం కొన్న చేను ఒక కన్నడ రైతుది. ధర తక్కువేనని మా నాన్న జీవితాంతం మురిసిపోతూ చెప్పేవాడు. వంట చెరుకు కూడా లేని ఆ మొదటి నెలల్లో మాకు జొన్నరొట్టెలు, మజ్జిగ పంపింది ఆ రైతు భార్య. తరువాత వాళ్ళ కొడుకులు మా చేలోనే కూలికి వచ్చారు. మేము మేడ కట్టాం.

ప్లిమత్‌లో జరిగిందీ ఇదీ ఒకటేనని అనను. మేం డబ్బిచ్చి, రిజిస్టరు చేయించుకున్నాం. ఎవర్నీ చంపలేదు. కానీ ఏటా సంక్రాంతికి కొత్త బియ్యంతో పొంగలి వండి, సూర్యుడికి, తుంగభద్రమ్మకి దణ్ణం పెట్టుకున్నాం. ఆ రొట్టెలు పంపిన ఇంటిని మాత్రం ఒక్కసారీ తలచుకోలేదు.

“తప్పు కాదే తల్లీ. తిన్న అన్నానికి దణ్ణం పెట్టాల్సిందే. ఎవరి చేతి అన్నమో మరిచిపోవడమే తప్పు. వాళ్ళకు జరిగింది నువ్వు చెయ్యలేదు, కానీ నీకు తెలిసింది. తెలిశాక పండుగ పూట వాళ్ళ పేరూ తలుచుకో” అన్నాను. చెబుతుంటే నా మాట నాకే తగిలింది.

మరునాడు ఉదయం అల్లుడే కూతురి దగ్గర కూర్చుని, “ఆ స్క్వాంటో కథ మొత్తం చెప్పు” అన్నాడు. వచ్చే ఏడు భోజనానికి ముందు అది ఆమే అందరికీ చెప్పాలని నిర్ణయమయింది. కిందటేడు చెప్పిందట.

నేను డిసెంబరులో తిరిగి వచ్చాను. ఎళ్ళ అమావాస్యకు అక్కడి కన్నడ రైతులు చేలో భూమికి పూజ చేసి, వండినది పొలమంతా చల్లి, అందరూ కూర్చుని తింటారు. మా చిన్నప్పుడు ఆ ఇంటివాళ్ళు ఏటా పిలిచేవారు. తరువాత మేమే వెళ్ళడం మానేశాం. ఈసారి పిలవకుండానే, కొత్త బియ్యం మూట పట్టుకుని వెళ్ళాను. ఆ తల్లి ఎప్పుడో పోయింది. కోడలు నన్ను చూసి ఆశ్చర్యపోయింది. సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఆమె ఏమీ అడగలేదు. పక్కకు జరిగి చోటిచ్చి, నా చేతిలో రొట్టె పెట్టింది.