నాన్న నోటుపుస్తకంలో నాలుగు జీబీ

ర్యామ్ ధరలు మండుతున్నాయి, ఇంటి కంప్యూటర్‌కి ఇంకో స్టిక్ కొనాలా వద్దా తేల్చి గురువారం సాయంత్రానికల్లా కథనం ఇవ్వాలన్నారు ఎడిటర్. వెంటనే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడ ఏ కౌంటర్ దగ్గర నిలబడ్డా ‘డీడీఆర్ ఎంత, ఎన్ని జీబీ’ అనే అడిగారు. ఎందుకు కావాలన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినపడలేదు. దానికి జవాబు మా ఇంట్లోనే, నాన్న నోటుపుస్తకంలో ఉంది.

నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. పదో తరగతి పిల్లలకి మాదిరి ప్రశ్నపత్రాలు ఇంటి డెస్క్‌టాప్ మీదే తయారుచేస్తారు. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్ ఉన్న ఆ మిషన్ సాయంత్రమయ్యేసరికి మొరాయించేది. ర్యామ్ వేయిద్దామంటే ‘వారం ఆగు’ అన్నారు. స్కేలుతో ఐదు గడులు గీశారు. టైము, ఏమేం తెరిచి ఉన్నాయి, మెమొరీ వాడకం, కమిటెడ్, డిస్క్ శాతం. విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో కనిపించే అంకెలనే వాటిలో నింపుతూ పోయారు.

సోమవారం ఉదయం వర్డ్ ఒక్కటే తెరిచారు. వాడకం 2.4 జీబీ, కమిటెడ్ 3.1, డిస్క్ 6 శాతం. పక్కన ‘హాయి’ అని రాసుకున్నారు. సాయంత్రం వర్డ్, ఒక పీడీఎఫ్, క్రోమ్‌లో 11 ట్యాబులు. వాడకం 3.6, కమిటెడ్ 6.3, డిస్క్ 100. ‘ఫైలు సేవ్ కావడానికి 48 సెకన్లు.’ బుధవారం ట్యాబులు మూడుకి తగ్గించారు. కమిటెడ్ 4.2కి దిగింది, డిస్క్ 30కి పడింది. శుక్రవారం ఉదయం కమిటెడ్ 3 మాత్రమే, అయినా డిస్క్ 100. పక్కన ఎర్ర ఇంకుతో ‘విండోస్ అప్‌డేట్. దీన్ని లెక్కలోకి తీసుకోకూడదు’ అని ఉంది.

ఆ ఎర్ర ఇంకు మాట నాకెంతో నచ్చింది. కమిటెడ్ అంటే, తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నిటికీ కలిపి విండోస్ ఇస్తానని మాటిచ్చిన మెమొరీ. అది ఉన్న ర్యామ్‌ని దాటితే మిగతాది సర్దడానికి డిస్క్ అవసరం పడొచ్చు. పక్కనే డిస్క్ కూడా ఊపిరాడకుండా తిరుగుతుంటేనే ర్యామ్ చాలడం లేదని గట్టిగా చెప్పగలం. ఒక్క గడి చూసి తీర్పు చెప్పకూడదు.

డిస్క్ మీదికి వెళితే అంత నష్టమేమిటో కూడా నాన్న లెక్కేశారు. ర్యామ్ సుమారు 100 నానోసెకన్లలో పలుకుతుంది. తిరిగే డిస్క్‌కి 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంటే లక్ష రెట్లు. ర్యామ్ జవాబుకి ఒక్క సెకను అనుకుంటే డిస్క్ జవాబుకి 27 గంటల 46 నిమిషాల 40 సెకన్లు.

శనివారం ఖాళీ స్లాట్‌లో 8 జీబీ స్టిక్ వేయించాం, మొత్తం 12 అయింది. సోమవారం సాయంత్రం తెరిచినవే మళ్లీ తెరిచారు. వాడకం 5.9, కమిటెడ్ 6.8, డిస్క్ 4. ఫైలు రెండు సెకన్లలో సేవయింది. వాడకం పెరిగిందేమిటని నేను కంగారుపడ్డాను. ఇదివరకు డిస్క్ మీదికి నెట్టేసినవి, కుదించి పెట్టినవి ఇప్పుడు ర్యామ్‌లోనే నిబ్బరంగా కూర్చున్నాయి, అంతే. అయితే మిషన్ ఆన్ కావడానికి పట్టే సమయం 3 నిమిషాల 20 సెకన్ల నుంచి 3 నిమిషాల 5 సెకన్లకే తగ్గింది. ‘ఇది ర్యామ్ పని కాదు’ అని రాసుకున్నారు.

ఎదుటి పేజీ మా అత్తయ్యది. ఆవిడ కంప్యూటర్‌లో 8 జీబీ ఉంది. ఆన్ చేస్తే ఎంతకీ రావట్లేదని, 16 చేయించమని ఎవరో చెప్పారట. నాన్న వారం పాటు రోజూ ఫోన్‌లో చెల్లెలి చేత అంకెలు చదివించి రాసుకున్నారు. కమిటెడ్ 5.7 దాటలేదు. ర్యామ్ మాట పక్కనపెట్టి హార్డ్‌డిస్క్ స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ పెట్టించారు. 2 నిమిషాల 50 సెకన్లు పట్టేది 25 సెకన్లకి వచ్చింది.

ర్యామ్ చరిత్ర క్లుప్తంగా: ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్‌కి, నేటి ర్యామ్‌కి మూలమైన డీర్యామ్ పేటెంటు 1968లో దక్కింది. 1970లో వచ్చిన ఇంటెల్ 1103 చిప్‌లో 1024 బిట్లు. 1981 నాటి ఐబీఎం పీసీ 16 కేబీతో మొదలైంది. విండోస్ 95కి కనీసం 4 ఎంబీ, విండోస్ 11కి కనీసం 4 జీబీ. 2025లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ పెరిగి ఇళ్లకి వచ్చే ర్యామ్ ధర ఎగబాకింది. ఆ డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

విండోస్‌కి ‘కనీసం’ అన్న ఆ అంకెను నేను నమ్మను. విండోస్ ఎక్కడానికి అది చాలు, మన పని సాగడానికి ఎంత కావాలో మన పనే చెప్పాలి. ‘ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అనే సలహానీ నమ్మను. ధర ఇంతలా పెరిగినప్పుడు ఆ మాట మధ్యతరగతి ఇంటికి భారం. నోటుపుస్తకంలో ఎడమ పేజీ చివర ‘కొన్నాం’ అనుంది, కుడి పేజీ చివర ‘అక్కర్లేదు’ అనుంది. రెండు జవాబులూ సరైనవే. వాటిని తేల్చింది ఆ ఐదు గడులు.

కొనేముందు

• కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఖాళీ స్లాట్లు ఉన్నాయో లేదో అందులోనే చూడొచ్చు.

• డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అనేవి ర్యామ్ తరాలు, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. డెస్క్‌టాప్ స్టిక్ పొడవు, ల్యాప్‌టాప్‌ది పొట్టి.

• కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. ఆపిల్ ఎం సిరీస్ మ్యాక్‌బుక్‌లలో తర్వాత పెంచే వీలే లేదు.

• ఇళ్లలో వాడే 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు.

• స్టిక్ మార్చేటప్పుడు ప్లగ్ తీసేసి, ముందు క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకండి. ఒంటి మీది స్థిరవిద్యుత్తు చిప్‌లని పాడుచేయొచ్చు.